ప్రగతి నగర్ టు ట్రామా, వయా నిజాంపేట

హైటెక్ సిటీ వైపు ఒక్కసారి కూడా వెళ్ళిరానివాళ్ళు మన బాచుపల్లిలో ఇంకా ఉన్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళూ చదవవచ్చు. వాళ్ళు కారద్దాలు ఎక్కించుకుని ఫోను చూసుకుంటూ వెళ్ళారు కాబట్టి ఏమీ చూసి ఉండరు. దూరం ఇరవై కిలోమీటర్లు ఉంటుందో ఉండదో. కాని అక్కడ పాస్‌పోర్టు అడిగారు, మన నోటు చెల్లలేదు, తిండి పేరు అర్థం కాలేదు, భాషకు దుబాసీ కావలసి వచ్చింది. ఈ నాలుగింటిలో ఏ రెండు జరిగినా దాన్ని విదేశయాత్ర అనవచ్చని నా అభిప్రాయం.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పేరు నర్సింహులు. సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా జనం బస్సులో మరచిపోయి దిగిన పుస్తకాలే. నేను సగం చదివేసరికి సొంతదారు డిపోకి వచ్చి పట్టుకుపోయేవాడు. అందుకే మొఘలుల చరిత్ర నాకు సగం దాకానే తెలుసు. గుండెజబ్బుల లక్షణాలన్నీ తెలుసు, చికిత్స ఒక్కటీ తెలియదు.

యాకూబ్ నా డ్రైవర్. ముప్పై ఒక్క ఏళ్ళు అతను ముందు, నేను వెనక. యాకూబ్ సిద్దీ. అతని తాతల తాతలు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరారు. ఆ దళం పేరే ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. ఆ పేరులో 'ఏ' అంటే ఆఫ్రికా అని తెలియక, అక్కడ చల్లగా ఉంటుందా అని నన్ను అడిగిన ప్యాసింజర్లు కూడా ఉన్నారు. యాకూబ్ ఆ బస్తీలోనే పుట్టాడు. వయసులో పెళ్ళిళ్ళకు మర్ఫా డప్పు వాయించేవాడు. ఆరడుగుల మనిషి, ఉంగరాల జుట్టు. రోజుకు పదిమంది "ఏ దేశం?" అని అడిగితే పదిమందికీ పది దేశాల పేర్లు చెప్పి నవ్వించి పంపేవాడు. కోపం రావలసింది అతనికి, వచ్చేది నాకు. మా డ్యూటీలో పని అలా పంచుకున్నాం.

రిటైరయ్యాక అతను ప్రగతి నగర్‌లో కూతురు షబానా అపార్ట్‌మెంటుకు మారాడు. నాలుగు నెలల కింద ఒక పొద్దున పాలప్యాకెట్లు పట్టుకుని లిఫ్టు ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "ఎవరో ఆఫ్రికన్ మన బ్లాకులో తిరుగుతున్నాడు, జాగ్రత్త" అని కింద రాశారు. ఆయన మా నాన్న అని షబానా చెప్పాక, దండం పెట్టే చేతుల బొమ్మలు పద్నాలుగు వచ్చాయి. క్షమాపణ అయిపోయింది. ఆ రోజు నుంచి యాకూబ్ కిందికి దిగలేదు. నిద్ర పోయింది, తిండి సగమైంది, మాట 'ఊ' దగ్గర ఆగిపోయింది.

షబానా బాచుపల్లిలో టీచరు. ఒకరోజు నాకు ఫోనులో ఒక కాగితం చూపించింది. ఇంగ్లండు నుంచి ఒక నల్లజాతి మనసు డాక్టరమ్మ వచ్చిందట. ఈ ఊళ్ళో ఉంటున్న ఆఫ్రికా మూలాల వాళ్ళను రెండు రోజులు కూర్చోబెట్టి మాట్లాడిస్తుందట. గచ్చిబౌలిలో ఒక ఐటీ ఆఫీసు వాళ్ళు హాలు ఇచ్చారు, ఖర్చు లేదు. ఈ మాట ఎత్తితే యాకూబ్, "నేను ఎర్రగడ్డ కేసునా?" అని తలుపు వేసుకున్నాడట.

"చాచా, మీరు చెప్తే వింటడు," అంది.

"నేను చెప్తే వినడు బిడ్డా. నాకు బాగలేదంటే వస్తడు."

అలా నేను పేషెంటునయ్యాను. జబ్బు వెతుక్కోవలసిన పని లేకపోయింది. కోపం. కాలనీలో ఎవరిని అడిగినా సాక్ష్యం చెబుతారు.

ప్రగతి నగర్: మూడో అంతస్తు

యాకూబ్‌కి నేను చెప్పిన కథ ఇది. కోపం తలకెక్కి ఏదో ఒకరోజు నరం తెగేట్టుందని, మనసు డాక్టరుకు చూపించుకోమన్నారని, ఒంటరిగా పోవాలంటే భయంగా ఉందని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. లోపలికి వెళ్ళి మంకీ క్యాప్ వేసుకుని వచ్చాడు.

ఏప్రిల్ నెల. జుట్టు కనపడకూడదని. ఏప్రిల్‌లో మంకీ క్యాప్ వేసుకున్న మనిషిని జనం ఒకసారి చూసేచోట నాలుగుసార్లు చూస్తారు. ఆ మాట అతనికి చెప్పలేదు. బయలుదేరడమే చాలు.

లిఫ్టు వద్దన్నాడు. మెట్లమీదుగా దిగాం.

నిజాంపేట రోడ్డు: ఆటో

నిజాంపేటలో ఆటో ఎక్కాం. ఎక్కడికని అడిగితే షబానా ఇచ్చిన కాగితం తీసి పెద్దగా చదివాను. "ట్రామా హీలింగ్, గచ్చిబౌలి."

డ్రైవరు వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. "ట్రామానా పెద్దాయనా? జర ధైర్యంగ ఉండున్రి. పది నిమిషాల్ల పడేస్త."

ఈ ఊళ్ళో ఆటోవాడు ఇంత దయగా మాట్లాడటం నా జ్ఞాపకంలో లేదు. నేను పొంగిపోయాను. అతను హారన్ మీద చెయ్యి తీయలేదు. రాంగ్ రూట్లో పోయాడు, ఫుట్‌పాత్ ఎక్కాడు, ఒక సిగ్నలు దగ్గర పోలీసుకు నన్ను వేలితో చూపించి ఏదో అన్నాడు, ఆయన దారి ఇచ్చాడు. ఐటీ వాళ్ళ దేశానికి పోతే ఇంత మర్యాదా అనుకున్నాను. ఆ వేగంలోనే దారిపొడవునా యాకూబ్‌కి పాత స్టేజీలు గుర్తుచేశాను. మేము నడిపిన కాలంలో అటంతా బండరాళ్ళు. దిగేవాడు ఒక్కడుంటే ఎక్కువ, అతనూ గొర్రెలు కాసేవాడే. ఇప్పుడు ఆ బండలు పగలగొట్టి అద్దాలు నిలబెట్టారు. యాకూబ్ "ఊ" అన్నాడు.

ఆటో ఆగింది. డబ్బు ఇవ్వబోతే అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "గిట్లాంటి టైంల పైసలు తీస్కుంటే పాపం తగుల్తది. పోన్రి, జల్ది లోపలికి పోన్రి."

రాంగ్ స్టేజీ: దవాఖాన

లోపలికి పోవలసిన పని లేకపోయింది. ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీతో వచ్చి నన్ను అందులో కూర్చోబెట్టారు. నేను నోరు తెరిచేలోపు మెడకు పట్టీ బిగించారు. తల పైకెత్తితే బోర్డు కనపడింది. కాగితంలో ట్రామా అంటే మనసుకు తగిలిన దెబ్బట, కాని మన ఊళ్ళో ట్రామా అంటే ఒక్కటే అర్థం: బండి గుద్దడం, ఎముక విరగడం. పెద్ద దవాఖానలో యాక్సిడెంటు వార్డు గుమ్మం ముందు ఉన్నాం.

నర్సమ్మ వచ్చి, "ఏ బండి కొట్టింది బాబాయ్?" అని అడిగింది. బండి కాదమ్మా, కోపం అన్నాను. ఎప్పుడు తగిలిందంది. ముప్పై ఏళ్ళయిందన్నాను. ఆమె రాసుకోవడం ఆపి డాక్టరును పిలిచింది.

చిన్న వయసు డాక్టరు, మంచివాడు. నా కళ్ళలో లైటు వేసి, ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పగలరా అని అడిగాడు. ఈ ఊళ్ళో నన్ను అడగకూడని ప్రశ్న అది. తుమ్మచెట్ల స్టేజీలో ఉన్నానని చెప్పాను. ఇది రిక్వెస్టు స్టాపని, కిందిపక్క కుంట ఉండేదని, ఎడమ చేతికి కల్లు దుకాణమని, వానాకాలం బస్సు ఇక్కడిదాకా వచ్చి తిరిగిపోయేదని చెప్పాను. డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎడమచేతి వైపు నలభై అంతస్తుల భవనం ఉంది. "తలకు స్కాన్ రాయండి," అన్నాడు.

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"స్కాన్ నక్కో సాబ్. ఈయన దిమాక్ ఎప్పుడు గిట్లనే ఉంటది."

నాలుగు నెలల్లో యాకూబ్ నోటి నుంచి నేను విన్న మొదటి పూర్తి వాక్యం. వేరే ఎవరన్నా ఆ మాట అని ఉంటే నేను ఆ దవాఖాన దద్దరిల్లేట్టు మాట్లాడేవాణ్ణి. అన్నది అతను కాబట్టి కుర్చీలోంచి లేచాను.

వాళ్ళు నవ్వుతూ మమ్మల్ని పంపించారు. మెడపట్టీ తీయడం వాళ్ళూ మరిచారు, నేనూ మరిచాను. మరునాడు తిరిగి ఇచ్చేశాను లెండి.

గచ్చిబౌలి: సరిహద్దు

ఆఫీసు గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ దేశపు ఆచారం ఒకటి చెప్పాలి. అక్కడ ఆడామగా అందరూ మెడలో పట్టీ వేసుకుంటారు, దానికి సొంత ఫొటో వేలాడదీసుకుంటారు. మనవైపు పోయినవాళ్ళ ఫొటోకు దండ వేస్తాం, అక్కడ బతికున్నవాళ్ళ ఫొటోను దండకు కడతారు. ఆ గుంపులో నా మెడపట్టీ కలిసిపోయింది. యాకూబ్ మంకీ క్యాప్ మాత్రం కలవలేదు.

సెక్యూరిటీ మనిషి నన్ను కాదని అతన్ని ఆపాడు. ఫారినర్లకు పాస్‌పోర్టు కంపల్సరీ అని ఇంగ్లీషులో చెప్పాడు. యాకూబ్ జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి నాతో తెలుగులో, "ఆధార్ ఎవరైనా చేయించుకుంటున్నరు సార్. పాస్‌పోర్టు చూపియ్యమనున్రి," అన్నాడు. నన్ను మాత్రం, "మీరు పోన్రి పెద్దాయనా," అన్నాడు.

నా దగ్గర ఏ కార్డూ లేదు. ఇంట్లో మరచిపోయి వచ్చాను. ఆధార్ ఉన్నవాడు బయట, ఏ ఆధారమూ లేనివాడు లోపల. ఇదెక్కడి న్యాయమని నేను మొదలుపెట్టాను. ఈ మనిషి తాతలు ఈ ఊరికి కాపలా కాసినప్పుడు నీ గేటు లేదు, నీ ఆఫీసు లేదు, నువ్వు నిలబడ్డచోట తుమ్మచెట్టు ఉందన్నాను. పావుగంట మాట్లాడాను. చివరికి అతను తప్పయింది, ఇద్దరూ పొమ్మన్నాడు. నేను గెలిచి వెనక్కి తిరిగాను. ఎవరి కోసం గెలిచానో ఆ మనిషి అక్కడ లేడు. రోడ్డు దాటి, బస్సు స్టాపులో, క్యాప్ కళ్ళదాకా లాక్కుని కూర్చున్నాడు.

గొడవ విని పైనుంచి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పేరు లావణ్య, భీమవరం పిల్ల, కౌన్సెలర్. ఆ ఇంగ్లండు డాక్టరమ్మ మాటలను తెలుగులో చెప్పే పని కూడా ఆమెదే. ఈ రోజుకు అయిపోయిందండి, రేపు నేనే గేటు దగ్గర ఉంటానండి, దయచేసి తీసుకురండి అని బతిమాలింది.

తిరుగు బస్సులో యాకూబ్ ఒక్కటే మాట అన్నాడు. "రేపు రాను."

రెండో రోజు: సీలింగ్ ఫ్యాను

పొద్దున ఏడింటికి వాళ్ళింటికి వెళ్ళి, హాల్లో నిలబడి, సీలింగ్ ఫ్యానును తిట్టడం మొదలుపెట్టాను. ఎందుకు తిరుగుతున్నావన్నాను. ఎవరు తిరగమన్నారన్నాను. మూడు రెక్కలు ఉన్నాయని మిడిసిపాటా అన్నాను. షబానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. పది నిమిషాలు అయ్యేసరికి నిజంగానే ఆ ఫ్యాను మీద కోపం వచ్చింది. అది ఒకపక్కకు వాలి కూడా ఉంది.

గది తలుపు తెరుచుకుంది. యాకూబ్ క్యాప్ వేసుకుంటూ బయటికి వచ్చాడు.

"ఇగ పా. నీది ముదిరింది."

ఎనిమిదో అంతస్తు: గటక

లావణ్య మాట నిలబెట్టుకుంది. గేటు బయట నిలబడి మమ్మల్ని పెళ్ళివారిలా లోపలికి తీసుకుపోయింది. పని మొదలవడానికి ఇంకా టైముంది, టిఫిను చేయండన్నారు.

అక్కడ టీ తొంభై రూపాయలు. బాచుపల్లి చౌరస్తాలో ఆ డబ్బుకు ఆరుగురం తాగుతాం. దాని పక్కన ఇంగ్లీషులో పేరు రాసిన ఒక గిన్నె ఉంది, రెండువందల నలభై రూపాయలు. ప్రాచీన ధాన్యమట, ఆరోగ్యమట. మూత తీసి చూస్తే జొన్న గటక. నేను పన్నెండేళ్ళప్పుడు ఊరు విడిచి పట్నం వచ్చిందే ఆ గటకను తప్పించుకోవడానికి. అది అరవై ఏళ్ళు నా వెనక నడిచి వచ్చి, లిఫ్టెక్కి, ఎనిమిదో అంతస్తులో నన్ను పట్టుకుంది.

నోటు ఇస్తే తీసుకోలేదు, ఫోనులోనే కట్టాలట. పక్కనున్న ఒక పొడుగాటి పిల్లవాడు తన ఫోనుతో మా ఇద్దరి టీకీ కట్టేశాడు. నైజీరియా వాడు, మన బాచుపల్లి కాలేజీలోనే ఫార్మసీ చదువుతున్నాడు. పేరు సండే అట. ఇదేం పేరని నవ్వబోయి ఆగాను. మా ఊళ్ళో సోమయ్య ఉన్నాడు, మంగమ్మ ఉంది, బుధవ్వ ఉంది. ఆదివారం పుట్టినవాడు ఏం పాపం చేశాడు? ఆ క్షణం నుంచి అతన్ని ఆదయ్య అని పిలిచాను, బాగానే పలికాడు.

ఆదయ్య వచ్చీరాని తెలుగులో యాకూబ్‌కి ఒక సంగతి చెప్పాడు. బైక్ టాక్సీ బుక్ చేస్తే వస్తుందట. బండివాడు దూరం నుంచి ఇతని ముఖం చూసి క్యాన్సిల్ కొట్టి పోతాడట. ఒకరోజు ఐదుగురు పోయారట. చెప్పి తనే గట్టిగా నవ్వాడు. యాకూబ్ నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టి ఆ పిల్లవాడి ముఖం చాలాసేపు చూశాడు. ఒకప్పుడు తనూ అట్లాగే నవ్వేవాడు. అది గుర్తుకొచ్చిందని నాకు తెలిసిపోయింది.

హాలు: దిండు

పదిహేను కుర్చీలు గుండ్రంగా వేశారు. డాక్టరమ్మ పేరు మార్షా. నెరిసిన జుట్టును సన్నటి జడలుగా అల్లుకున్న పెద్ద మనిషి. తాతానానమ్మలు జమైకా నుంచి ఇంగ్లండు పోయారట. ఆమె నన్ను చూసి, ఇది ఆఫ్రికా మూలాల వాళ్ళ కోసం కదా, మీరు... అని మర్యాదగా ఆగింది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి యాకూబ్ చెయ్యి పక్కన పెట్టాను. నలుపులో అతని కంటే నేను రెండాకులు ఎక్కువే. ఎవరైనా చూసుకోవచ్చన్నాను. కుర్చీలన్నీ నవ్వాయి. ఆమె కూడా నవ్వి, మిమ్మల్ని ఎవరైనా ఏ దేశమని అడిగారా అని లావణ్య చేత అడిగించింది. ఆలోచించాను. డెబ్బై రెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఆ సంగతి అంతకుముందు నాకు తట్టకపోయినందుకు సిగ్గనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఎక్కువసేపు కాదు. పేషెంటును కదా, మొదట నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడేవాళ్ళు ఒళ్ళో ఒక దిండు పెట్టుకోవాలి, దిండు ఉన్నంతసేపు ఇంకెవరూ అడ్డం రాకూడదు. ఇలాంటి చట్టం మన కాలనీ మీటింగుల్లో ఎందుకు లేదు? ముప్పావుగంట మాట్లాడాను. ఫ్లైఓవర్లు, టోల్‌గేట్లు, చిల్లర ఇవ్వని దుకాణాలు, తెలుగు రాని తెలుగు బోర్డులు, అన్నీ వచ్చాయి. లావణ్య మొదట్లో ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పింది, తర్వాత ఫ్లైఓవరుకు ఒకటి చొప్పున చెప్పింది. ఈ కోపం మీ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందండి అని డాక్టరమ్మ అడిగిందట. మోకాళ్ళలో అన్నాను. దిండు తీసేసుకున్నారు.

అది చుట్టూ తిరిగింది. యాకూబ్ దగ్గరికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పక్కకు ఇచ్చేశాడు. మూడోసారి ఒళ్ళో ఉంచుకున్నాడు. చెమటకు క్యాప్ తీసి పక్కన పెట్టాడు.

"నాకేం లేదు. నిద్ర పడతలేదు," అన్నాడు.

మార్షా తల ఊపింది. "రైట్," అంది.

ఇక్కడ నేను ఒక పని రహస్యం చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళు వింటున్నామని చెప్పడానికి మధ్యమధ్య 'రైట్' అంటారట, మనం 'ఊ' కొట్టినట్టు. మా బస్సులో దాని అర్థం వేరు. కండక్టరు 'రైట్' అంటే డ్రైవరు బండి కదిలించాలి. 'హోల్డాన్' అంటే ఆపాలి. ముప్పై ఒక్క ఏళ్ళు నా గొంతు వెనక నుంచి 'రైట్' అంటే యాకూబ్ ఒక్కసారి కూడా ఎందుకని వెనక్కి తిరిగి చూడలేదు. కాలు తనంతట తానే పోయేది.

యాకూబ్ వీపు నిటారయింది. రెండు చేతులతో దిండు అంచులు పట్టుకున్నాడు, స్టీరింగు పట్టుకున్నట్టే. చూపు ఎదురుగా గోడ మీద నిలిచింది.

"మా బిడ్డ ఫోన్ల ఫొటో చూసిన. వెనకకెల్లి తీసిన్రు."

"రైట్."

"నేనే అని తెల్వలే. ఎవడో దొంగ అనుకున్న. తలుపు గొళ్ళెం పెట్టు బిడ్డా, ఎవడో తిరుగుతుండు అని నేనే చెప్పిన."

లావణ్య గొంతు తగ్గించి ఇంగ్లీషులో చెప్పింది. మార్షా ఈసారి కొంచెం ఆగి అంది. "రైట్."

"జర సేపైనంక చెప్పులు చూసిన. నావే. నన్ను చూసి నేనే భయపడ్డ మేడమ్. గందరు నవ్వుకుంట ఏ దేశం, ఏ దేశం అంటుంటే ఏమనిపియ్యలే. ముప్పై ఏండ్లు నేనూ నవ్విన. బస్సు కింది కమాను పట్టీ పెద్ద గోతిల పడితే విరగదు. రోజు చిన్న చిన్న గుంతలల్ల పడి పడి, ఒకనాడు సాఫ్ రోడ్డు మీద విరుగుతది."

ముప్పై ఒక్క ఏళ్ళు అతని వెనక నిలబడ్డవాణ్ణి. ఆ చెప్పుల మాట నాకు కూడా చెప్పలేదు. నేను చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాను.

(ఇది రాయవచ్చా అని తర్వాత అడిగాను. "రాయి. చెప్పులు పాతయని మాత్రం రాయకు," అన్నాడు. చెప్పులు కొత్తవి.)

ఆమె రైట్ అంటూనే ఉంది, బండి పోతూనే ఉంది. ఏసీ గార్డ్స్‌లో అమ్మ చేతి వంట, మర్ఫా వాయిస్తే చేతులు బొబ్బలెక్కడం, మొదటిసారి అతని బస్సెక్కిన పిల్ల అతన్ని చూసి ఏడవడం, అన్నీ వచ్చాయి. మధ్యలో మార్షా తన సంగతి చెప్పింది. వాళ్ళ తాత కూడా ఇంగ్లండులో బస్సు డ్రైవరేనట. అతన్ని చూసి కొందరు ఆ బస్సు ఎక్కకుండా తర్వాతి బస్సు కోసం వానలో నిలబడేవారట.

యాకూబ్ అడిగింది ఒక్కటే. "ఆయన కండక్టర్ ఎవరు?"

ఆమెకు తెలియదు.

"గది తెలుసుకోవాలె మేడమ్. వానల నిలబడ్డోళ్ళను జూసి ఎమ్మటే రైట్ కొట్టిండా, లేకుంటే ఎక్కుతరా ఎక్కరా అని నిలదీసిండా? తాత ఎట్ల బతికిండో దాన్ని బట్టి తెలుస్తది."

డాక్టరమ్మ అది నోటు పుస్తకంలో రాసుకుంది. అడిగి తెలుసుకుంటానంది. వాళ్ళమ్మ ఇంకా ఉందట.

ఒంటిగంట దాటింది, భోజనాలు చల్లారుతున్నాయి. ఆమె వింటూ రైట్ అనక మానదు, అతను ఆగడు. ఆదయ్య కడుపు పట్టుకుని నా వైపు దీనంగా చూశాడు. దిండు చట్టం ప్రకారం ఎవరూ అడ్డం రాకూడదు. కాని నాకు వేరే అధికారం ఉంది.

"హోల్డాన్," అన్నాను.

యాకూబ్ మాట మధ్యలో ఆగిపోయాడు. కుడికాలు నేలమీద బలంగా నొక్కి ఉంది. ముందు తన కాలు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత నవ్వాడు. సంగతేమిటో లావణ్య అందరికీ చెప్పేసరికి హాలు గోల గోలయింది. మార్షా కళ్ళు తుడుచుకుంటూ తన చదువంతటిలో ఇంత మంచి పద్ధతి ఎవరూ నేర్పలేదంది. భోజనంలో యాకూబ్ రెండోసారి అన్నం అడిగాడు. సాంబారు చప్పగా ఉందని వంక కూడా పెట్టాడు. నాకు ఆ వంక వినపడ్డప్పుడు పాయసం తిన్నట్టయింది.

తిరుగు బస్సు

ఒక్కరోజు మాటలకు మనిషి నయమవడని లావణ్య ముందే చెప్పింది. నిద్ర గురించి డాక్టరుకు చూపించాలని, వారం వారం వచ్చి మాట్లాడాలని చెప్పి, నిజాంపేటలో తను శనివారాలు కూర్చునే గది అడ్రసు రాసి ఇచ్చింది. యాకూబ్ ఆ కాగితం తీసుకోలేదు. నేను తీసుకున్నాను.

బస్సులో మా ముందు సీటు నుంచి ఒకావిడ వెనక్కి తిరిగి, యాకూబ్‌ను చూసి, "విచ్ కంట్రీ అంకుల్?" అంది. నేను చొక్కా చేతులు మడవబోతే అతను నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"హైదరాబాదేనమ్మా. ఏసీ గార్డ్స్. మా తాతలు ఆఫ్రికాకెల్లి వచ్చిన్రు."

ఈసారి వేళాకోళం లేదు, వేరే దేశం లేదు. ఆవిడ అయ్యో, మా పెద్దాడపడుచు ఇల్లు ఆ పక్కనే, మాసబ్ ట్యాంకే కదండీ అంది. అక్కడి నుంచి ఆడపడుచు ఇల్లు ఏ గల్లీలోనో, పక్కన ఏ బేకరీయో, నీళ్ళు వస్తున్నాయో లేదో. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నన్ను పలకరించినవాళ్ళు లేరు.

దిగాక యాకూబ్ చెయ్యి చాచాడు. "ఆ కాయిదం ఇటియ్యి." ఇచ్చాను. చదివి మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "నీది ఒక్కరోజుల తగ్గే కోపం కాదు నర్సింలు. శనివారం శనివారం పోవాలె. ఫికర్ జెయ్యకు, నేను తోడొస్త."

అట్లా మూడు శనివారాలు అయ్యాయి. నేను తోడు లేకుండా పోలేనివాణ్ణి కాబట్టి అతను వస్తాడు. ముందు నన్ను పది నిమిషాలు కూర్చోబెడతారు. తర్వాత, ఎలాగూ వచ్చారు కదండీ అని లావణ్య అతన్ని లోపలికి పిలుస్తుంది, అతను గంటసేపు బయటికి రాడు. ఇప్పుడు రాత్రికి నాలుగైదు గంటలు నిద్రపడుతోందని షబానా చెప్పింది. లిఫ్టు మాత్రం ఇంకా ఒంటరిగా ఎక్కడు.

పోయిన శనివారం లావణ్య నా కాగితాలు చూసి సంతోషంగా, "మీకు కోపం చాలా తగ్గిందండి నర్సింహులు గారూ, ఇక మీరు రానక్కర్లేదేమో," అంది. గబుక్కున లేచి తలుపు దగ్గరికి వేశాను. నెమ్మదిగా మాట్లాడమ్మా, తలుపు అవతల అతను ఉన్నాడని చెప్పాను. బయటికి వచ్చి, యాకూబ్‌కి బాగా వినపడేట్టు, గోడమీదున్న క్యాలెండరుతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.